చెవి కుట్టించాక: పాఠకుల ప్రశ్నలు, చర్మవైద్యురాలి జవాబులు

కొంతకాలంగా ఈ శీర్షికకు చెవి, ముక్కు కుట్టించుకోవడం గురించి చాలా ఉత్తరాలు వస్తున్నాయి. ఒకే సంగతిని అడిగిన వాటిని కలిపి, ఈ సంచికలో ఏడింటికి జవాబిస్తున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరారు గనుక అందరి పేర్లూ తీసివేసి, విశాఖలో వారుండే పేటలను మాత్రం ఉంచాను.

ప్రశ్న: నా వయసు 19. తొమ్మిది రోజుల క్రితం ఒక షాపింగ్ మాల్‌లో చెవి పైభాగాన గన్‌తో కుట్టించుకున్నాను. నాలుగో రోజు నుంచి చెవి పై సగమంతా ఎర్రగా వాచి, ముట్టుకుంటే ప్రాణం పోతున్నట్టు ఉంది. కింద తమ్మె మాత్రం మామూలుగానే ఉంది. అమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తోంది. మందుల షాపులో ఇచ్చిన అమాక్సిసిలిన్ మూడు రోజులు వేసుకున్నా తగ్గలేదు. పోగు తీసేయమంటారా?
– డిగ్రీ విద్యార్థిని, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగే పరిస్థితి కాదు గనుక, అది అందిన రోజునే ఫోన్ చేసి, పెదవాల్తేరులోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి గానీ కేజీహెచ్‌కు గానీ ఆ పూటే వెళ్లమని చెప్పాను. ఇలాంటి చెవితో పసుపు రాసుకుంటూ ఇంట్లో కూర్చున్నవారు మరికొందరు ఉంటారన్న అనుమానంతో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చెవి తమ్మె వేరు, చెవి పైభాగం వేరు. తమ్మెలో ఉండేది చర్మం, కొవ్వు. అక్కడ రక్తప్రసరణ ధారాళంగా ఉంటుంది కాబట్టి రంధ్రం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది, సూక్ష్మజీవులు చేరినా శరీరం వాటిని చాలావరకు తట్టుకుంటుంది. పైభాగంలో ఉండేది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు. తొడుగులా కప్పి ఉండే ఒక పలుచని పొర నుంచే దానికి పోషణ అందుతుంది. ఆ పొరకూ మృదులాస్థికీ మధ్య చీము చేరిందంటే పోషణ ఆగిపోయి, కొద్ది రోజుల్లోనే మృదులాస్థి దెబ్బతిని, చెవి ముడుచుకుపోతుంది. అలా ముడుచుకున్న చెవిని మళ్లీ పూర్వపు ఆకారానికి తేవడం ప్లాస్టిక్ సర్జన్లకు కూడా తేలిక కాదు. పైభాగమంతా ఎర్రబడినా తమ్మె మామూలుగా ఉండడం ఈ జబ్బుకు మంచి ఆనవాలు, ఎందుకంటే తమ్మెలో మృదులాస్థి ఉండదు. మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం చదివాకే నాకు కంగారు పుట్టింది.

దీనికి చాలాసార్లు కారణమయ్యేది సూడోమోనాస్ అనే బాక్టీరియా. అది తడి ఉన్న ప్రతిచోటా బతుకుతుంది: స్నానాలగది బకెట్టులో, మగ్గు అడుగున, కుళాయి మూతి దగ్గర, ఆరని తువ్వాలులో. అమాక్సిసిలిన్ దానిమీద పని చేయదు; మీరు మింగిన మూడు రోజుల మాత్రలూ వృథా అయ్యాయి, మూడు రోజుల కాలమూ వృథా అయింది. దానికి సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందు కావాలి, చీము చేరి ఉంటే కోసి తీయాలి, ఆ చీమును పరీక్షకు పంపి ఫలితాన్ని బట్టి అవసరమైతే మందు మార్చాలి. ఈ పేరు చదివి ఎవరూ నేరుగా మందుల షాపుకు వెళ్లవద్దు; చీము ఉందో లేదో వేలితో నొక్కి చూసి తేల్చవలసినది వైద్యులే.

పోగు సంగతి. తమ్మెలో వచ్చిన కొద్దిపాటి ఇన్‌ఫెక్షన్‌కు పోగును తీయకపోవడమే మంచిది. తీస్తే రంధ్రం పైపైన మూసుకుని చీము లోపలే నిలిచిపోతుంది. మృదులాస్థి విషయంలో, చికిత్స మొదలుపెట్టిన వైద్యులు చాలాసార్లు తామే తీసివేస్తారు. రెండు సందర్భాల్లోనూ మీ అంతట మీరు తీయకండి. వాపు పెరిగి పోగు వెనక బిళ్ల చర్మంలోకి దిగబడిపోతే మాత్రం దాన్ని లాగే ప్రయత్నం చేయక వెంటనే చూపించుకోవాలి.

గన్ విషయంలో నా అభిప్రాయం దాచుకోను. గన్ మొద్దుగా ఉన్న పోగును స్ప్రింగు బలంతో చర్మంలోకి నెడుతుంది. మెత్తని తమ్మె దాన్ని ఎలాగో భరిస్తుంది గానీ, మృదులాస్థి నలిగి చిట్లుతుంది. పైగా ప్లాస్టిక్‌తో చేసిన గన్‌ను ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే యంత్రం) వేడిలో శుద్ధి చేయడం కుదరదు. స్పిరిట్‌తో తుడిచి మరొకరికి వాడతారు. చెవి పైభాగాన్ని గానీ ముక్కును గానీ కుట్టించుకోదలచినవారు, ఒక్కరికే వాడి పారేసే బోలు సూదితో కుట్టేవారి దగ్గరికే వెళ్లాలి.

ఇక రోజువారీ సంరక్షణ. ఇది మీకే కాదు, కొత్తగా కుట్టించుకున్న అందరికీ. సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కోకుండా పోగును తాకకూడదు. రోజుకు రెండుసార్లు, మందుల షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్‌లో శుభ్రమైన గాజుగుడ్డను తడిపి, రంధ్రానికి ముందూ వెనకా మూడు నాలుగు నిమిషాలు ఆనించి ఉంచితే, కట్టిన చెక్కు నాని దానంతటదే ఊడివస్తుంది. దూది వద్దు, దాని పోగులు చుట్టుకుంటాయి. సెలైన్ దొరకనప్పుడు, పావు టీస్పూను ఉప్పును 250 మిల్లీలీటర్ల మరిగించి చల్లార్చిన నీటిలో కరిగించి ఆ రోజుకు వాడుకుని, మిగిలింది పారబోయాలి. ఉప్పు ఎక్కువైతే ఇంకా బాగా పని చేస్తుందనుకోవడం పొరపాటు, చర్మం ఎండి పగులుతుంది. ఆపైన శుభ్రంగా తడి అద్దుకోవాలి, ఎందుకంటే ఉక్కపోత నిండిన మన విశాఖ గాలిలో తడి దానంతటదే ఆరదు. పోగును తిప్పుతూ ఉండాలని పాతకాలంలో చెప్పేవారు. తిప్పిన ప్రతిసారీ లోపల కొత్తగా కట్టిన పలుచని చర్మం తెగుతుంది, పైన ఉన్న చెక్కు లోపలికి పోతుంది. తిప్పవద్దు.

మీ అమ్మగారిని తప్పుపట్టడం లేదు. పసుపులోని పదార్థాలు సూక్ష్మజీవులను అణచడం ప్రయోగశాలలో కనిపించిన మాట నిజమే, అయితే వంటింటి డబ్బాలోని పసుపు శుద్ధి చేసినది కాదు, నూనె అంతకంటే కాదు, రెండూ కలిసి రంధ్రాన్ని పూడ్చి రసిని లోపలే నిలబెడతాయి. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు. అవి సూక్ష్మజీవులతో పాటు పుండును మాన్పే కొత్త కణాలనూ చంపుతాయి. నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిసిన మలాములు కొందరికి ఎలర్జీ తెస్తాయి. దిండు గలేబు రెండు రోజులకొకసారి మార్చడం, ఆ చెవికి ఫోన్ ఆనించకపోవడం, హెల్మెట్ పెట్టుకునేటప్పుడూ తీసేటప్పుడూ పోగు పట్టుకోకుండా చూసుకోవడం, తలకు రంగు వేసుకోవడం వాయిదా వేయడం వంటి చిన్న పనులు ఏ మలాము కంటే కూడా ఎక్కువ మేలు చేస్తాయి.

మొదటి రెండు మూడు రోజులు కొద్దిగా ఎరుపు, వాపు, సలుపు ఉంటాయి. పలుచగా తెల్లగానో లేత పసుపుగానో రసి కారి చెక్కు కట్టడం కొన్ని వారాలపాటు మామూలే. మూడో రోజు తర్వాత తగ్గవలసిన నొప్పి పెరుగుతున్నా, చిక్కగా వాసనతో చీము వస్తున్నా, ఎరుపు రంధ్రం దాటి వ్యాపిస్తున్నా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకూడదు. మృదులాస్థి మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. అన్నాళ్లూ దాన్ని పుండుగానే చూడాలి.

ప్రశ్న: మా అమ్మాయి కూతురికి మూడో నెల నడుస్తోంది. సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయించి, అదే రోజు మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలని మా ఆలోచన. అల్లుడు మాత్రం పిల్లకు ఐదేళ్లు వచ్చేదాకా వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక అమ్మమ్మ, సీతమ్మధార

జవాబు: అమ్మా, మీ ఇద్దరి మాటల్లోనూ కొంత న్యాయం ఉంది, అయితే మూడో నెల మాత్రం నాకు సమ్మతం కాదు. ధనుర్వాతం, హెపటైటిస్ బి సహా ఐదు జబ్బులను అడ్డుకునే పెంటావాలెంట్ టీకాను మన దేశంలో పిల్లలకు 6, 10, 14 వారాలకు ఇస్తారు. ఆ మూడు మోతాదులూ పూర్తయ్యాక కుట్టిస్తే ధైర్యంగా ఉండవచ్చు. మూడు నెలల లోపు పసికందుకు ఏ చిన్న ఇన్‌ఫెక్షన్‌తో జ్వరం వచ్చినా ఆసుపత్రిలో చేర్చి పరీక్షించవలసి వస్తుంది, ఆ అవస్థ తల్లికీ బిడ్డకూ ఎందుకు? ఆచారం బేసి నెలనే కోరుతుంది గనుక ఐదో నెల పెట్టుకోండి. శాస్త్రానికీ టీకాల పట్టికకూ పేచీ రాదు.

సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో చెవులు కుట్టే పద్ధతిని చెబుతూ, ఆరో నెలలో గానీ ఏడో నెలలో గానీ, బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని, ఎండ వెలుగు చెవి గుండా కనిపించే పలుచని చోట కుట్టమంటారు. రక్తనాళాన్ని తప్పించడానికి వెలుగులో చూడడమన్నది ఈనాటికీ చెల్లే సలహా. ప్రాచీనులు కూడా మూడో నెల అనలేదని మీకు గుర్తు చేయడానికే ఇది రాశాను.

పుట్టువెంట్రుకలు, చెవులు ఒకే రోజు పెట్టుకోవద్దు. గుండు చేసేటప్పుడు రాలిన వెంట్రుక ముక్కలు పచ్చి రంధ్రంలో చిక్కుకుంటాయి, తలకు పూసిన గంధం కరిగి చెవులమీదికి కారుతుంది. ముందు పుట్టువెంట్రుకలు తీయిస్తే కనీసం రెండు వారాల ఎడం ఇచ్చి చెవులు కుట్టించాలి, ముందు చెవులు కుట్టిస్తే ఎనిమిది వారాలు గడిచి అవి మానాక కొండకు వెళ్లాలి. ఒడి మేనమామదే కానివ్వండి, కుట్టే చేతులకు మాత్రం కొత్త గ్లవ్స్ ఉండాలి. నొప్పి తెలియకుండా పూసే మత్తు క్రీమును పసిపిల్లలకు సొంతంగా పూయకండి. మోతాదు మించితే రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని అది తగ్గిస్తుంది. ఊడితే నోట్లో పెట్టుకునేంత చిన్న మరల కమ్మల కంటే, అంచు గుచ్చుకోకుండా మడిచిన బంగారు తీగ చుట్టే ఈ వయసుకు మేలు. రంధ్రం పూడకుండా వేపపుల్ల పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే, ఎనిమిది వారాలు దాటేదాకా దాని జోలికి పోవద్దు.

అల్లుడుగారికి కూడా ఒక మాట. ఐదేళ్ల పిల్ల నొప్పిని గుర్తుంచుకుంటుంది, రెండో చెవి చూపించడానికి ఒప్పుకోదు, మట్టి చేతులతో చెవి పట్టుకుంటుంది. ఆగాలనుకుంటే, తన చెవిని తనే శుభ్రం చేసుకోగలిగే ఎనిమిది, తొమ్మిదేళ్ల దాకా ఆగడం మెరుగు. అయితే పదకొండేళ్లు దాటాక కుట్టించిన చెవులకు కీలాయిడ్ (గాయాన్ని దాటి పెరిగే గట్టి మచ్చ) కంతి లేచే అవకాశం పెరుగుతుంది కాబట్టి అంతకు మించి ఆగవద్దు.

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా బంగారం పని చేస్తూ చెవులు, ముక్కులు కుడుతున్నాను. తీగ మొన సానపట్టి, స్పిరిట్‌లో ముంచి, దానితోనే కుట్టి చుట్టు తిప్పేస్తాను. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఈ మధ్య చదువుకున్న తల్లులు ఆటోక్లేవ్ ఉందా అని అడిగి వెనక్కి వెళ్లిపోతున్నారు. నేను ఏం మార్చుకోవాలి?
– ఒక స్వర్ణకారుడు, కురుపాం మార్కెట్

జవాబు: అయ్యా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను అన్నిటికంటే సంతోషపెట్టినది మీదే. నన్ను అడిగితే, చేయి తిరిగిన స్వర్ణకారుడి సన్నని తీగ, వారం రోజుల శిక్షణతో గన్ పట్టుకున్న వ్యక్తి కంటే చర్మాన్ని తక్కువ నలుపుతుంది. మీ నైపుణ్యానికి లోపం లేదు, శుద్ధికే లోపం ఉంది.

స్పిరిట్‌లో ముంచడం వల్ల చాలా సూక్ష్మజీవులు చస్తాయి గానీ అన్నీ చావవు. ధనుర్వాతం బాక్టీరియా గట్టి పొరలో నిద్రాణంగా ఉండే బీజకణాల వంటివి స్పిరిట్‌నూ మరిగే నీటినీ కూడా తట్టుకుంటాయి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది, మీ పటకారు పళ్ల మధ్య ఎండినా అంతే. ఫిర్యాదు రాలేదన్నారు. హెపటైటిస్ సోకినవారికి కామెర్లు కనిపించడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు గడిచాక కాలేయం చెడినప్పుడే తెలుస్తుంది; అప్పుడు ఎవరికీ మీ దుకాణం గుర్తు రాదు.

ఆటోక్లేవ్ అంటే భయపడవలసినది కాదు, పళ్ల డాక్టర్ల గదుల్లో బల్లమీద పెట్టుకునేంతవి దొరుకుతాయి. 121 డిగ్రీల సెల్సియస్ వద్ద, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఆవిరి ఒత్తిడిలో, 15 నుంచి 20 నిమిషాలు ఉంచితే బీజకణాలతో సహా చస్తాయి. సానపట్టిన తీగలను ఒక్కో మనిషికి ఒక్కో సంచిలో వేసి శుద్ధి చేసి, ఆ సంచిని తల్లిదండ్రుల కళ్లముందే చింపండి. పటకారుకు కూడా అదే పద్ధతి. సొంతంగా కొనలేకపోతే, మార్కెట్‌లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

స్పిరిట్ సీసా విషయంలో మరొక జాగ్రత్త. 2000 సంవత్సరంలో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో ఒకే దుకాణంలో చెవి పైభాగం కుట్టించుకున్న వారిలో ఏడుగురికి, గాజువాక అమ్మాయికి వచ్చిన లాంటి మృదులాస్థి జబ్బే వచ్చింది. సూడోమోనాస్ చివరకు దొరికింది, శుభ్రం చేయడానికి వాడే మందు నీటి సీసాలో, సింకు దగ్గర. మళ్లీ మళ్లీ నింపుకునే సీసా వద్దు. విడివిడిగా పొట్లం కట్టి వచ్చే ఆల్కహాల్ తడి పట్టీలు వాడి, చర్మంపై తడి పూర్తిగా ఆరాకే కుట్టండి. వాడిన తీగ ముక్కలు, సూదులు చెత్తబుట్టలో వేయక, గుచ్చినా చిల్లు పడని డబ్బాలో వేయాలి. మీరు కూడా హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు వేయించుకోండి: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

కొందరిని వైద్యుల చీటీ లేనిదే కుట్టకండి. గుండె కవాటాల జబ్బు ఉన్నవారికి రక్తంలో చేరిన సూక్ష్మజీవులు కవాటాలమీదే స్థిరపడి ప్రాణం మీదికి తెస్తాయి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు, చక్కెర అదుపులో లేనివారు, కుటుంబంలో కీలాయిడ్ ఉన్నవారు కూడా ఈ కోవలోకే వస్తారు. చెవి పైభాగం అడిగిన వారిని మీ దగ్గర శుద్ధి ఏర్పాట్లు పూర్తయ్యేదాకా పంపించివేయండి.

ప్రశ్న: ముక్కు కుట్టించుకుని నెల అయింది. మూడో వారంలో బంగారపు పుడక తీసి, చీరకు నప్పుతుందని వన్ గ్రామ్ గోల్డ్ పుడక పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఒకటే దురద, నీరు కారడం, చుట్టూ పొట్టు రాలడం. నొప్పి అంతగా లేదు. ఇది ఇన్‌ఫెక్షనా?
– ఒక గృహిణి, మధురవాడ

జవాబు: నొప్పి ముందుండి దురద లేకపోతే ఇన్‌ఫెక్షన్‌ను, దురద ముందుండి నొప్పి లేకపోతే ఎలర్జీని మొదట అనుమానించాలి. మీది నికెల్ ఎలర్జీ లక్షణాలకు సరిపోతోంది. గడియారం బకిల్ కింద గానీ, జీన్స్ గుండీ తగిలే బొడ్డు దగ్గర గానీ మీకు ఎప్పుడైనా ఇలాగే దద్దురు వచ్చి ఉంటే ఇక సందేహించనక్కరలేదు. వన్ గ్రామ్ గోల్డ్ నగలో బంగారం పైపూతే. లోపలి లోహంలో నికెల్ ఉంటే, పూత చెమటకు అరిగి అది చర్మానికి తగులుతుంది. మామూలు చర్మానికి తగలడం వేరు, పచ్చి పుండులోకి నేరుగా పోవడం వేరు. ఈ ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే జీవితాంతం ఉంటుంది. చాలామంది ఆడవాళ్లకు అది కుట్టించుకున్న చెవి నుంచే మొదలవుతుంది, అందువల్లనే యూరప్ దేశాలు కుట్టిన రంధ్రాల్లో పెట్టే నగల నుంచి ఊరే నికెల్‌కు చట్టంతో హద్దు పెట్టాయి.

ముక్కు రంధ్రం మానడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, పుడక తీస్తే కొన్ని గంటల్లోనే కుంచించుకుపోతుంది. కాబట్టి ఉన్న పుడక తీసి ఖాళీగా ఉంచక, కుట్టినవారి దగ్గరికే వెళ్లి, తీసిన వెంటనే 22 క్యారెట్ల బంగారపు పుడక గానీ, శరీరంలో అమర్చే రకం టైటానియం పుడక గానీ పెట్టించుకోండి. సర్జికల్ స్టీల్ అన్న పేరు చూసి మోసపోవద్దు, అందులోనూ నికెల్ ఉంటుంది. తెల్ల బంగారంలో కూడా ఉండవచ్చు. ఇక్కడొక చిక్కుంది. హాల్‌మార్క్ నిబంధన రెండు గ్రాముల లోపు నగలకు తప్పనిసరి కాదు, ముక్కుపుడకలు దాదాపు అన్నీ ఆ బరువు లోపే ఉంటాయి. 916 అని నోటిమాటగా చెప్పడం కాక, బిల్లులో స్వచ్ఛత రాయించుకోండి.

దురదకు తేలికపాటి స్టెరాయిడ్ క్రీము కొద్ది రోజులు పని చేస్తుంది, కానీ నిజంగా ఇన్‌ఫెక్షన్ కూడా ఉంటే అదే క్రీము దాన్ని పెంచుతుంది, కనుక చూపించుకున్న తర్వాతే వాడండి. ముక్కు రంధ్రాల్లో సహజంగానే స్టెఫిలోకాకస్ బాక్టీరియా కాపురముంటుంది. ముక్కులో వేలు పెట్టి లోపలి బిళ్లను సర్దుకునే అలవాటు మానుకోవాలి. ముక్కు, పైపెదవి పరిసరాల రక్తనాళాలకు పుర్రెలోని నాళాలతో సంబంధం ఉంది. అక్కడ లేచిన చీము పొక్కును నొక్కి పిండడం ప్రమాదకరం.

ప్రశ్న: సముద్రపు నీళ్లలో ఉప్పు ఉంటుంది కదా, రామకృష్ణా బీచ్‌లో మునిగితే కుట్టించుకున్న చెవి త్వరగా మానుతుందని మా స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థి, చినవాల్తేరు

జవాబు: నిజం కాదు బాబూ. సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం, సముద్రపు నీటిలో సుమారు 3.5 శాతం, దాదాపు నాలుగు రెట్లు. అంతకంటే ముఖ్యంగా, మన నగరపు గెడ్డలు (మురుగు వాగులు) ఏమేం మోసుకుని సముద్రంలో కలుస్తాయో వాటి పక్కనుంచి నడిచిన నీకే తెలుసు. తమ్మె అయితే ఆరు వారాలు, చెవి పైభాగమైతే పూర్తిగా మానేదాకా సముద్రమూ వద్దు, ఈతకొలనూ వద్దు. ఒడ్డున కూర్చుని మురీ మిక్చర్ తినడానికి అభ్యంతరం లేదు.

ప్రశ్న: చెవి పైభాగం కుట్టించుకున్న నాలుగు నెలలకు రంధ్రం వెనక శనగగింజంత కాయ లేచింది. ఒకరు సున్నం పెట్టమన్నారు, ఒకరు దారం కట్టి బిగించమన్నారు. ఇది కీలాయిడేనా? నాకు పెళ్లి చూపులు ఉన్నాయి.
– ఒక ఉద్యోగిని, గోపాలపట్నం

జవాబు: సున్నం, దారం రెండూ వద్దు, సున్నం చర్మాన్ని కాలుస్తుంది, దారం కట్టిన చోట కుళ్లుతుంది, ఆ రెండు గాయాలూ కొత్త కీలాయిడ్‌కు విత్తనాలవుతాయి.

కుట్టిన చోట లేచే కాయలన్నీ కీలాయిడ్లు కావు. మొదటి వారాల్లోనే లేచి, మెత్తగా ఎర్రగా తడిగా ఉండి, తాకితే రక్తం చిమ్మేది రాపిడి వల్ల, తడి వల్ల పెరిగిన పచ్చికండ. పోగు పొడవు సరిచేసి, ఆ చెవి మీద పడుకోవడం మానేసి, సెలైన్ సంరక్షణ కొనసాగిస్తే చాలావరకు అణగిపోతుంది. కీలాయిడ్ అలా కాదు. గట్టిగా నున్నగా ఉండి, కుట్టిన చోటును దాటి పక్క చర్మంలోకి వ్యాపిస్తుంది, దురద పెడుతుంది, నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది, దానంతటది తగ్గదు. మన వంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో ఇది ఎక్కువ. మీకు నాలుగు నెలలకు లేచింది కాబట్టి అనుమానం దానివైపే మొగ్గుతోంది, కానీ చూడకుండా తేల్చను.

కీలాయిడ్ అయితే నాలుగైదు వారాలకొకసారి ట్రయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్ సూదిమందు నేరుగా కాయలోకే ఇస్తాము. చిన్నగా ఉన్నప్పుడు మొదలుపెడితే మెత్తబడి చదునవుతుంది. కోసి తీసి ఊరుకుంటే తరచు మునుపటి కంటే పెద్దదిగా మళ్లీ వస్తుంది గనుక, కోత పెట్టినా తర్వాత సూదిమందులు, ఒత్తిడి కలిగించే చెవి క్లిప్పులు తప్పనిసరి. పెళ్లి చూపుల కోసం హడావిడిగా కోయించుకోవద్దు. జుట్టు వదులుగా ముడివేసుకుంటే చెవి వెనక కాయ ఎవరికంటా పడదు. ఇకమీదట రెండో చెవి పైభాగాన్ని కుట్టించుకునే ఆలోచన మాత్రం మానుకోవాలి.

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. బరువైన బుట్టకమ్మల వల్ల ఎడమ తమ్మె రంధ్రం సాగి సాగి కిందికి తెగిపోయింది. పదేళ్లుగా షుగర్ ఉంది, ఆస్పిరిన్ కూడా వాడుతున్నాను. మనవడి ఉపనయనం లోగా కుట్లు వేయించి మళ్లీ చెవి కుట్టించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మర్రిపాలెం

జవాబు: ఉపనయనం ఎప్పుడో మీరు రాయలేదు. నాలుగు నెలల పైగా వ్యవధి ఉంటేనే ఈ ప్రయత్నం పెట్టుకోండి. ముందు గత మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవాలి. చక్కెర అదుపులో లేకపోతే పుండు మానడం ఆలస్యమవుతుంది, ఇన్‌ఫెక్షన్ త్వరగా పడుతుంది. ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపకండి, అది రాసిచ్చిన వైద్యులను అడగండి. తమ్మె కుట్లకు చాలాసార్లు ఆపవలసిన అవసరమే రాదు. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటి ఉంటే అది కూడా వేయించుకోండి.

తెగిన అంచులపై పాత చర్మాన్ని పలుచగా తీసి కుట్లు వేస్తారు. అక్కడికక్కడే మత్తుసూదితో అరగంటలో అయిపోతుంది, ఆ రోజే ఇంటికి రావచ్చు. మళ్లీ కుట్టించుకోవడానికి దాదాపు మూడు నెలలు ఆగాలి. పాత మచ్చ మీద కాక పక్కన కుట్టించాలి, ఎందుకంటే మచ్చ కట్టిన చర్మానికి బరువు మోసే బలం ఉండదు. ఆ తర్వాత ఎనిమిది వారాలు చిన్న దిద్దులే పెట్టుకోవాలి. ఉపనయనం అంతకు ముందే వచ్చిపడితే, ఆ చెవికి అతికించుకునే కమ్మ ఒకటి పెట్టుకుని ఫొటోలు దిగండి. బుట్టలు మళ్లీ పెట్టుకునే రోజు వచ్చినప్పుడు మాత్రం మాటీలు జతచేసి బరువును జుట్టుకు పంచండి. ఇంటికి రాగానే తీసేయండి, వాటితో నిద్రపోకండి.